పాల అంచున నీలం

బట్టీ షెడ్డు, మధ్యాహ్నం

అక్కా,

నేను అలిగి వచ్చేశానని అమ్మ కనిపించిన వాళ్ళందరికీ చెబుతోందట కదా. పక్కింటావిడకి, ఆవిడ కోడలికి, ఆఖరికి ఇస్త్రీ చేసే ఆయనకి కూడా. ఎవరి మీద అలిగాను, దేనికి అలిగాను అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. నాన్నేమో "దానికి నిలకడ లేదు, నాలుగు రోజులు బురద పిసికితే మొహం మొత్తి అదే వస్తుంది" అన్నాడని నువ్వే రాశావు. ఆ మాటకి నువ్వు అడ్డు చెప్పినట్టు మాత్రం రాయలేదు. గమనించాను.

వినే ఓపిక ఉంటే అసలు సంగతి చెబుతాను. మనింట్లో ఫ్రిజ్ మీద తాళాలూ పిన్నీసులూ పడేసే నల్ల గిన్నె ఉంది చూడు, అత్త ఎప్పుడో తనే చేసి పంపింది. పరీక్షలయ్యాక ఒకరోజు కప్పులన్నీ సింకులో ఉంటే, పిన్నీసులన్నీ బల్ల మీద గుమ్మరించి, దాన్ని కడిగి టీ పోసుకున్నాను. అక్కా, అది నా చేతుల కొలత తీసుకుని చేసినట్టుంది. పెదవి ఆనే చోట అంచు ఎంత పల్చబడాలో అంతే పల్చబడింది. టీ అయిపోయాక లోపలికి చూస్తే అది నలుపే కాదు. ఎక్కడో లోతున తేనె రంగు, దాని మీద నూనె చుక్కల్లా తేలుతున్న వెండి మచ్చలు. ఇన్నేళ్ళూ మనం అందులో పిన్నీసులు వేశాం. కెమిస్ట్రీ చదివానన్న మాటే గాని ఆ మచ్చలు ఎలా వచ్చాయో నాకు తెలియలేదు. అందుకే వచ్చాను. అలకా లేదు, గిలకా లేదు.

అత్త నన్ను "తూనీగ" అంటోంది. ఒక చోట వాలనని. వచ్చిన రోజునే "నాన్న అక్కగారి ఇల్లు కదా అని కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి వచ్చావా, పని చేస్తావా?" అని అడిగింది. పని చేస్తానన్నాను. అంతే, మట్టి పిసకమంది. ఇప్పటికీ పిసుకుతూనే ఉన్నాను. లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా అత్తకి తెలిసిపోతుంది, ముద్దని తీగతో రెండుగా కోసి నా ముందు పెడుతుంది. ఏమీ అనదు. అనకపోవడమే పెద్ద తిట్టు.

కుమ్మరి సారె ముందు కూర్చుంటే మాత్రం అత్తకి వయసు ఉండదు. తిరిగే ముద్ద మీద రెండు అరచేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకుంటుంది. వణుకుతూ తిరుగుతున్న మట్టి ఆ చేతుల కింద నెమ్మదిగా నిలబడిపోతుంది. తిరుగుతూనే ఉంటుంది, కాని కదలనట్టు ఉంటుంది. అప్పుడు బొటనవేలు దింపుతుంది. 

ఫోను చెయ్యకు. అమ్మ పక్కనే నిలబడుతుంది. ఉత్తరమే రాయి.

నీ చెల్లి

*

స్కూల్ స్టాఫ్ రూమ్

ఒసేయ్ తూనీగా,

పేరు భలే పెట్టింది అత్త. ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు చూడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యలో ఇది రాస్తున్నాను, కాబట్టి ఎర్ర ఇంకు. నీ ఉత్తరంలో తప్పులు కూడా దిద్దేశాను, అలవాటు.

నీ కబుర్లు అమ్మకి చదివి వినిపించాను. "గిన్నె కోసం ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళని ఎక్కడా చూడలేదమ్మా" అంది. మర్నాడు చూస్తే ఫ్రిజ్ మీద పిన్నీసులు ప్లాస్టిక్ డబ్బాలోకి మారాయి. గిన్నె కడిగి షెల్ఫులో పెట్టింది. 

ఇప్పుడు అసలు విషయం. రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో నీ ఉద్యోగం ఖాయమైంది. వానలు మొదలయ్యే నాటికి చేరాలట. నాన్న ఆ కాగితాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదువుతున్నాడు. అప్పటిదాకా అత్త దగ్గరే ఉండనీ అన్నాడు, ఆశ్చర్యంగా. పైగా రోజూ ఒకటే ప్రశ్న: "అక్క మెట్లు దిగేటప్పుడు చూసుకుంటోందా? ఏమన్నా రాసిందా పిల్ల?" అని. నువ్వు బురద గురించి రాసినంత వివరంగా మెట్ల గురించి కూడా రాయి, ఆయన స్థిమితపడతాడు.

నీ అక్క

*

షెడ్డు వెనక మెట్ల మీద నుంచి

హెడ్‌మిస్ట్రెస్ గారికి,

మెట్ల మీద కూర్చునే రాస్తున్నాను. అత్త వాటిని గోడ పట్టుకుని దిగుతుంది. నాన్నకి చెప్పు.

నాలుగు రోజుల కిందట బట్టీ తెరిచాం. 

మొదటి నుంచి చెబుతాను. అత్త చేసేవి మామూలు మట్టి కుండలు కావు. ఈ మట్టిని రాయిలా మారేంత వేడికి తీసుకెళ్ళాలి. దాని మీద బూడిద, రాతి పొడి, చిటికెడు ఇనుప తుప్పు కలిపిన పూత పూస్తే, ఆ వేడికి అది గాజై అంటుకుంటుంది. దాన్ని గ్లేజు అంటారు. బట్టీ ఎర్రబడ్డాక అత్త గాలి వెళ్ళే దారి సగం మూసేసింది. ఇక మంటకి ఆకలి. బయట గాలి దొరక్క గిన్నెల్లో ఉన్న ఆక్సిజన్‌నే లాక్కుని తింటుంది. అప్పుడే రంగులు మారతాయి. చిన్న కన్నంలోంచి చూడమంది. లోపల గిన్నెలు లేవక్కా, గిన్నెల ఆకారంలో వెలుగు ఉంది. పూత తడిగా మెరుస్తూ కదులుతోంది. ఇదే సమీకరణం నేను పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అది ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

చల్లారాక తలుపు తీస్తుంటే లోపలి నుంచి చప్పుడు. టింగ్, టింగ్ అని, ఒక చోట, ఇంకో చోట, సన్నగా. చల్లారుతూ పూత తనలో తాను బిగుసుకుంటుంటే వచ్చే చప్పుడట. "మాట్లాడుకుంటున్నాయి, కాసేపు ఆగు" అంది అత్త. ఇద్దరం అలాగే నిలబడి విన్నాం.

నల్లవి, తేనె రంగువి, తెల్లవి ముందు తీసింది. అవే దుకాణాలకి వెళ్ళేవి, వాటి వల్లే అత్తకి పేరు. చివరి అరలో ఏడెనిమిది గిన్నెలు వేరేగా ఉన్నాయి. అవి అత్త సొంత పిచ్చి. వయసులో ఉన్నప్పుడు తన గురువుగారి బట్టీలో ఒకే ఒక్క గిన్నె చూసిందట. నీళ్ళపాలు గ్లాసు అంచున ఒక నీలం కనబడుతుంది చూడు, ఆ నీలం. నేను పుట్టక ముందు నుంచీ ప్రతి బట్టీలోనూ ఒక అర దాని కోసమే.

వాటిని వెనక గుమ్మం దగ్గరికి, ఎండలోకి తీసుకెళ్ళింది. ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూసింది. "పాచి రంగు" అంది. చిన్న సుత్తి తీసుకుని ఒక్క దెబ్బ. ఇంకోటి. "పాచి. మళ్ళీ పాచే." అన్నీ పగలగొట్టింది. ముక్కలు దొడ్లో కుప్ప మీద పొయ్యమంది. బట్టీ తెరిచే రోజు ఎవరినీ రానివ్వదట, బాగా రానిది మనిషి కంట పడకూడదని. ఇంతవరకూ ఆ గిన్నెలు చూసింది అత్త తర్వాత నేనే.

నాకైతే అవి అందంగానే కనిపించాయి. నీలంగానే కనిపించాయి. ఆ మాట పైకి అనలేదు. నిన్నగాక మొన్న మట్టి ముట్టుకున్న దాన్ని, అంతటి మనిషి ముందు ఏం మాట్లాడతాను? నా కన్ను ఇంకా పచ్చిది. ఇప్పుడు రోజూ కుప్ప దగ్గర కూర్చుని ఆ ముక్కల్లో పాచిని చూడటం నేర్చుకుంటున్నాను. నిన్న సాయంత్రానికి కాస్త కాస్త కనిపిస్తున్నట్టే అనిపించింది. ఒక ముక్క దూదిలో చుట్టి పంపుతున్నాను. నువ్వూ ప్రయత్నించు. అంత కఠినమైన కన్ను ఒక్కసారైనా నాకు రావాలి.

తూనీగ

*

స్టాఫ్ రూమ్, మళ్ళీ ఎర్ర ఇంకే

ఏమే,

నీకేమైనా పిచ్చా? ఇది నీలం.

కిటికీ దగ్గర చూశాను, ట్యూబ్‌లైట్ కింద చూశాను, తడిపి చూశాను. నా క్లాసు పిల్లలకి చూపించి ఇదేం రంగని అడిగితే అందరూ ఒక్కసారే అరిచారు. ఆకుపచ్చ అన్నవాడు ఒక్కడూ లేడు. మా డ్రాయింగ్ మాస్టారు దీన్ని చేతిలో పెట్టుకుని పీరియడ్ బెల్లు మోగినా లేవలేదు. "పాలలో నీలం ఉంటుందని వీళ్ళకి చెప్పి చెప్పి అలిసిపోయాను, ఇదిగో చూడండి" అన్నాడు. నేను ఆయనకి పాల సంగతి చెప్పలేదు. చెప్పకుండానే అన్నాడు.

లేని పాచిని నువ్వు నేర్చుకోవడం ఏమిటే? చిన్నప్పుడు అమ్మ ఉప్పు సరిపోయిందా అంటే మొహం మీదే చప్పగా ఉందని చెప్పేదానివి. ఆ పిల్ల ఏమైంది?

అత్త కళ్ళు ఎలా ఉన్నాయో ఒకసారి చూడు. నేను రాయగలిగింది ఇంతే.

అక్క

*

షెడ్డు నుంచి

అక్కా,

ఉత్తరం అందినప్పటి నుంచి ఇల్లంతా దొంగలా తిరుగుతున్నాను.

అత్త నీలం స్వెట్టరు మోచేతికి బూడిదరంగు దారంతో రఫ్ఫు చేసి ఉంది. "రంగు భలే కలిసింది కదా" అని తనే చూపించింది. దాకలకి మూతలు పెడుతుంటే నీలం మూత తీసి పచ్చ దాక మీద పెట్టింది. టీ తాగుతూ "ఈ ఏడు ఆకాశం శుభ్రంగా లేదే, దుమ్ము" అంది. నేను తలెత్తి చూశాను. ఒక్క మబ్బు లేదు. మెరిసిపోతోంది.

ఆమెకి తెలియదు. కాస్త మసకగా ఉందని మాత్రం తెలుసు. "వయసు" అంటుంది. సారె మీద కళ్ళు ఎలాగూ మూసుకునే ఉంటుంది, పూత మందం గోటితో గీరి చూసుకుంటుంది. రంగు చూసేది చివర ఒక్కసారే, వెనక గుమ్మం దగ్గర. ఆ ఒక్క చోటే తప్పుతోంది.

కుప్ప నా నడుం ఎత్తు ఉంది. పైనున్న ముక్కలన్నీ నీలమే. తను జీవితమంతా వెతికింది తన చేతుల్లోంచే వచ్చింది, తనే పగలగొట్టింది, మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడి ముక్కలు ఎత్తాను. నీలమని తెలిసి కూడా ఎత్తాను.

చెప్పాలా, వద్దా? వచ్చే బట్టీకి మళ్ళీ ఒక అర సిద్ధమవుతోంది. తొందరగా రాయి.

*

ఇంటి నుంచి

చిన్నదానా,

ఇది నాన్న ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. ఆయనే రాయమన్నాడు. నా కోపం చల్లారలేదు, కాబట్టి సూటిగా రాస్తాను.

ఆయనకి తెలుసు. రంగు సంగతి కాదు, శుక్లాల సంగతి. అత్త రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని కిందటేడే డాక్టరు చెప్పాడట. ఆపరేషన్ చేయించుకోమని నాన్న బతిమాలితే, నానమ్మకి ఆ ఆపరేషన్‌లోనే కన్ను పోయింది కదా, "అమ్మ కన్ను పోయినప్పుడే నేర్చుకున్నాను, చాలు" అని కసిరిందట. నువ్వు వెళతానన్నప్పుడు అందుకే అడ్డు చెప్పలేదు. పక్కన రెండు కళ్ళుంటాయని. నీకూ నాకూ అమ్మకీ చెప్పలేదు. అలక కథ అమ్మ అల్లింది, నాన్న సరే అని ఊరుకున్నాడు.

రంగు విషయం నేనే చెప్పాను.  తర్వాత ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను: "ఆపరేషన్‌కి ఒప్పించమను. రంగు మాట ఎత్తొద్దను. మా అక్క ఆ మాట తట్టుకోలేదు. ఇంత వయసొచ్చాక, నువ్వు పగలగొట్టిందే నువ్వు వెతికిందని ఎవరు చెబుతారే?"

నాకూ అదే సబబనిపిస్తోంది. చెప్పకు. కళ్ళు బాగైతే చాలు.

అక్క

*

ఆసుపత్రి నుంచి వచ్చాక, షెడ్డు

అక్కా,

చెప్పేశాను.

నాన్నని కోప్పడొద్దని చెప్పు. ఆయన ఒక్కటి ఆలోచించలేదు. ఆపరేషన్ అయ్యాక అత్త ఎప్పుడో ఒకప్పుడు దొడ్లోకి వెళుతుంది. కుప్ప అక్కడే ఉంటుంది. ఒక్కతే నిలబడి చూస్తుంది. అది నేను ఊహించలేకపోయాను.

పొద్దున్న, టీ దగ్గర చెప్పాను. నువ్వు తిరిగి పంపిన ముక్క బల్ల మీద పెట్టి, "అత్తా, ఇది పాచి కాదు, నీలం. నేను మొదటి రోజే చూశాను, చెప్పలేదు. నీ కళ్ళలో పొర పసుపెక్కింది, నీలాన్ని లోపలికి రానివ్వడం లేదు" అన్నాను. తిట్టు కోసం కాచుకుని కూర్చున్నాను.

ముక్క తీసుకుంది. వేలితో అంచు తడిమింది. "ఎప్పటి నుంచి?" అంది.

"నాకు తెలియదు."

"అవును, నీకెలా తెలుస్తుంది." లేచి షెడ్డులోకి వెళ్ళి, సారె మీద గుడ్డ కప్పేసింది. ఆ రోజూ మర్నాడూ మట్టి ముట్టుకోలేదు.  నేను వంటింట్లో గిన్నెలు తోమినవే తోముతూ కూర్చున్నాను. ఆ తర్వాత ఒక పొద్దున్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "ఆ డాక్టరు ఇంకా బతికే ఉన్నాడా? పద" అంది.

ఒక కంటికే చేశారు. రెండోది కొన్ని వారాలాగి చేస్తారట. కట్టు విప్పగానే అత్త అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? నర్సు నీలం చీర చూసి, "అమ్మాయ్, ఎంత గట్టిగా కట్టావే ఆ రంగు!" అంది. ఆ అమ్మాయి బిత్తరపోయింది.

ఇంటికొచ్చాక లోపలికి వెళ్ళలేదు. పక్క సందులోంచి తిన్నగా దొడ్లోకి నడిచింది. నేను వెనకే, పడిపోతే పట్టుకోవాలని చేతులు చాచుకుని.

కుప్ప ముందు నిలబడింది. కొత్త కన్ను మూసి పాత కన్నుతో చూసింది. పాత కన్ను మూసి కొత్త కన్నుతో చూసింది. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. "పాచి" అంది. "నీలం" అంది. చిన్నపిల్లలా అలా మార్చి మార్చి చూస్తూనే ఉంది. నేను ఏడుస్తున్నాను. అత్త ఏడవలేదు. వంగి ఒక ముక్క తీసి ఎండకి పట్టుకుని, "ఒసేయ్, ఇక్కడెవరో పెద్ద పనిమంతురాలు ఉండేదే. ఎవరామె? నాకెందుకు పరిచయం చెయ్యలేదు?" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే అప్పుడు ఆమెకి కన్నీళ్ళొచ్చాయి, కంటికి మందు తప్ప నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాడే అని నేను గుడ్డ పట్టుకుని పరిగెత్తాను.

ఆ తర్వాత కొన్ని రోజులు కుప్పని తవ్వాం. తవ్వడమంటే పైనుంచి ఒక్కో వరస జాగ్రత్తగా తీసి గోనె మీద పరచడం. అక్కా, అడుగున నిజంగానే పాచి ఉంది. ముదురు ఆకుపచ్చ, మురికి బూడిద. అవి అత్త మంచి కళ్ళతో చూసి పగలగొట్టినవి. ఆ రోజుల్లో సుత్తి తప్పలేదు. దాని పైన కాస్త తేలిక బూడిద. ఆ పైన ఒక ముక్కలో, గిన్నె మడత దగ్గర, గోరంత నీలం. ఆ పైన ఇంకాస్త. పైకి వచ్చేకొద్దీ నీలం విచ్చుకుంటూ వచ్చింది. కళ్ళు ఒకవైపు నుంచి తరిగిపోతుంటే, చేతులు ఇంకోవైపు నుంచి చేరుకున్నాయి. చూడకుండా చేరుకున్నాయి.

ఇంకో మాట చెబితే నమ్మవు. ఆ పూతలో నీలం అనేది ఏమీ లేదు. నేను పొడి చేసి చూసినా దొరకదు. పాలలో నీలం ఎలా లేదో అలాగే లేదు. కరిగిన గాజులో కంటికి కనబడనంత చిన్న చుక్కలు వేరుపడి, వెలుగును చెదరగొట్టి నీలాన్ని మాత్రం మన వైపు పంపుతాయి. లేని రంగు కోసం ఒక మనిషి జీవితమంతా వెతికింది, వెతికి తీసుకొచ్చింది. నేను గోనె పక్కన కూర్చుని లేవలేకపోయాను.

అత్త మాత్రం లేచింది. కుప్పలో అన్నిటికన్నా మంచి ముక్క ఏరి, చాలాసేపు చూసి, "దగ్గరికి వచ్చింది. కాని గురువుగారిది ఇది కాదు. దానికి ఇంకా లోతుంది" అంది. సారె మీద గుడ్డ తీసేసింది.

తూనీగ

*

ఇంటి నుంచి

తూనీగా,

నీ ఉత్తరం నాన్న తనే చదువుకున్నాడు. చదివి, ఇంకో ముక్క ఉందేమో పంపమని రాయమన్నాడు.  అమ్మ మాత్రం అందరికీ ఇప్పుడు "మా చిన్నది వాళ్ళ అత్తకి ఆపరేషన్ చేయించడానికి వెళ్ళింది" అని చెబుతోంది. ఇస్త్రీ ఆయనతో సహా. నువ్వు అలిగిన సంగతి ఎవరికీ గుర్తు లేదు.

చెప్పొద్దని రాసింది నేను. తప్పు లెక్క కట్టాను. ఎర్ర ఇంకుతో నాకు నేనే దిద్దుకున్నాను, ఇక దాని గురించి అడగకు.

మొదటి వాన పడింది. ఫ్యాక్టరీ వాళ్ళు గడువు ఇంకొన్నాళ్ళు పొడిగించారు, నాన్న వెళ్ళి మాట్లాడి వచ్చాడు. అత్తకి రెండో కంటి ఆపరేషనూ బాగా అయిందని మొన్న రాశావు కదా. ఇక బయల్దేరు. ఆవిడకి కావలసింది కళ్ళు, అవి వచ్చాయి. స్టేషనుకి నేనే వస్తాను.

అక్క

*

బట్టీ షెడ్డు, ఎండ ఉండగా

అక్కా,

ఇవాళ బట్టీ తెరిచాం.

చివరి అర దించి, గిన్నెలన్నీ వెనక గుమ్మం దగ్గర వరసగా పెట్టాక, అత్త వాటి వంక చూడకుండా పెరటి వైపు తిరిగి నిలబడింది. "నువ్వు చూడు" అంది.

"నేనా? నీకిప్పుడు రెండు కళ్ళూ ఉన్నాయిగా."

"కొత్త కళ్ళే. దేన్ని చూసినా బాగుందంటున్నాయి. నిన్న బకెట్టు చూసి కూడా ముచ్చట పడ్డాను. వాటికి ఇంకా బుద్ధి రావాలి. నువ్వు చూసి చెప్పు."

చూశాను. తొందరపడలేదు. ఒక్కొక్కటి ఎండకి పెట్టి, నీడకి పెట్టి, బోర్లించి చూశాను. అన్నీ నీలమే. ఎంత నీలమో నీకు రాయలేను. లోపల ఎక్కడో దీపం పెట్టి పాలు పోసినట్టు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే రంగు బాగా పలికింది నాలుగోది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఉండిపోయాను.

"ఇది పగలాలి" అన్నాను.

అత్త గిర్రున తిరిగింది. గిన్నె అందుకుంది, చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది. "ఇదా? పిచ్చిదానా, ఇదేనే!"

"రంగు ఇదే. గిన్నె ఇది కాదు. పూత బరువుకి పాదం దగ్గర కుంగింది, పట్టుకుంటే చేతిలో కూర్చోవడం లేదు. నువ్వు కళ్ళు మూసుకుని పట్టుకో."

కళ్ళు మూసుకుంది. రెండు అరచేతులతో పట్టుకుంది. మట్టి ముద్ద మీద చేతులు పెట్టినప్పుడు ఎలా ఉంటుందో అలాగే, అంతసేపూ ఉంది. షెడ్డులో మిగతా గిన్నెలు ఇంకా టింగు టింగుమంటున్నాయి.

"నిజమే" అంది. సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది.

పగలగొట్టాను. అంత అందమైన వస్తువుని నేనెప్పుడూ పగలగొట్టలేదు. ఒక్క దెబ్బకే. మిగిలిన వాటిని వరసగా లోపలికి మోశాం. వాటిలో రెండు అత్త తన దగ్గరే ఉంచుకుంది. ఆ రెండూ నేను ఏరినవే.

భోజనం దగ్గర అత్త ఉద్యోగం ఎప్పుడని అడిగింది. చెప్పాను. "మంచిదే" అంది. ఉండమనలేదు. ఉండమంటే నేను ఆలోచించేదాన్నేమో.

నాన్న అడిగిన ముక్క ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, నేను పగలగొట్టినదే. ఫ్యాక్టరీకి భోజనం కాగానే ఉత్తరం రాసి పోస్టు చేశాను. నేను చేరడం లేదు. స్టేషనుకి రాకు. నేను ఇక్కడే ఉంటాను, ఈ పనే చేస్తాను.

నీ చెల్లి